లేహ్ నుంచి శ్రీనగర్‌కు గంట లోపే

లేహ్‌లో దిగేసరికి ఉదయం ఏడు. మంచు పడటం లేదు గానీ గాలి కోస్తోంది. భుజాన సంచి, చేతిలో స్లీపింగ్ బ్యాగ్. ఆరు రోజులు ఏ పనీ చేయకుండా ఆ ఎత్తుకు ఊపిరి అలవాటు చేసుకోమన్నది అక్కడ సైన్యం ఇచ్చిన మొదటి ఆర్డరు. అంత సుఖమైన ఆర్డరు మళ్లీ రాలేదు.

తర్వాత కొండమీది రేడియో బంకరుకు పంపారు. అక్కడి హవల్దారుది కోదాడ. నాది సూర్యాపేట అనగానే టీ మగ్గు చేతికిచ్చి, "అయితే పక్కింటోడివే" అన్నాడు.

ఆ చలికాలం చివర్లో నా పెళ్లి కుదిరింది. అమ్మాయిది మిర్యాలగూడ. సెలవు దొరికింది. రోడ్డు మంచుతో మూసుకుపోయింది కాబట్టి శ్రీనగర్ దాకా సైన్యం సరుకుల విమానమే గతి. గాలిలో రెండు వందల యాభై కిలోమీటర్లు, గంట లోపు. కాబోయే మామకు అర్థమయ్యేలా ఫోన్‌లో చెప్పాను.

"సూర్యాపేట నుంచి కోదాడకు బస్సు పోయినంత సేపే, మామా."

మొదటి రోజు గాలి ఎక్కువని విమానం కదల్లేదు. రెండో రోజు ఎగిరింది. నా పక్కన కిటికీ లేదు. బల్ల సీటులో నిద్రపోయాను. చక్రాలు నేలను తాకగానే లేచి, సంచి వేసుకుని దిగి, ఎదురైన జవానుతో "శ్రీనగర్‌లో చలి తక్కువే" అన్నాను.

అతను జాలిగా చూశాడు. "ఇది లేహే. అక్కడ పొగమంచు. వెనక్కి తిప్పారు."

రేషన్ కోసం కిందికొచ్చిన హవల్దారు ఇంకా క్యాంపులోనే ఉన్నాడు. నన్ను చూసి రేడియో అందుకున్నాడు.

"పెళ్లికొడుకు వెనక్కొచ్చాడు. ఓవర్."

బంకరు నుంచి జవాబు: "పెళ్లయిందా? ఓవర్."

ఇంతలో మామ ఫోన్. "అల్లుడూ, కోదాడ బస్సు ఇంతసేపు పడ్తదా? నీకు ఇష్టం లేకుంటే జర ముందే చెప్పు. గీడ పందిరి ఏయిస్తున్నం."

హవల్దారు ఫోన్ లాక్కున్నాడు.

"అయ్యా, నేను కోదాడోణ్ణి, అబద్ధం చెప్పను. మీవాడు ఎక్కాడు, ఎగిరాడు, దిగాడు. దిగిన ఊరే తేడా."

"రేపన్న సరైన ఊర్ల దింపుండ్రి సారూ," అన్నాడు మామ.

మర్నాడు దారంతా కన్ను మూయలేదు. దిగే ముందు ఇది శ్రీనగరేనా అని ముగ్గురిని అడిగాను. అక్కణ్ణుంచి ఢిల్లీ, హైదరాబాద్, కారులో మిర్యాలగూడ. స్నానం చేసి నేరుగా పీటల మీద కూర్చున్నాను.

మా మధ్య తెర దించారు. ఆమె తలెత్తి చూసింది. మంచు మీది ఎండకు నా మొహమంతా మాడిపోయింది. నల్లద్దాలు పెట్టుకున్న చోట మాత్రం కళ్ల చుట్టూ రెండు తెల్లటి గుండ్రాలు. అవి చూసి నవ్వు ఆపుకోబోయింది. ఆగలేదు. తల మీది జీలకర్ర బెల్లం జారి ఒళ్లో పడింది.

సైన్యం వదిలి చాలా ఏళ్లయింది. లేహ్ అంటే ఇప్పటికీ నాకు మంచు గుర్తురాదు. పందిట్లో పెద్దలు గుడ్లురుముతున్నా, తల వంచుకుని భుజాలు అదిరేలా నవ్వుతున్న ఆమే కనిపిస్తుంది.