జోకరు చేతిలో ఉండగా పోయొస్తానన్నాను

మొన్న సూర్యాపేటలో మా అన్న మనుమరాలి పెళ్లికి వెళ్లినప్పుడు, భోజనాలయ్యాక ఫంక్షన్ హాల్లో ఏదో ఒక మూల జంపఖానా పరిచి పేక ముక్కలు తీసేవాళ్లు కనిపిస్తారేమోనని నా కళ్లు అలవాటుగా వెతికాయి గాని, జంపఖానా లేదు, పేక లేదు, అందరూ కుర్చీల్లో కూర్చుని ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. పక్కనే మా మేనల్లుడు ఫోనులో ఉత్తుత్తి పాయింట్లకు రమ్మీ ఆడుతున్నాడు. ముక్కలు నచ్చకపోతే కింద ఎర్రగా ఉన్న మీట నొక్కి ఆటలోంచి బయటికొచ్చేస్తున్నాడు, మాటా లేదు, పలుకూ లేదు. అది చూసి నాకు నవ్వొచ్చింది, వెంటనే మనసు చివుక్కుమంది కూడా, ఎందుకంటే నా పెళ్లి చెడిపోబోయింది సరిగ్గా ఆ మీట దగ్గరే.

మన వయసువాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, పదమూడు ముక్కల ఆటలో అసలు తెలివంతా మొదట్లోనే. ముక్కలు మరీ బాగుంటే ఎవడైనా ఆడతాడు, మరీ చెత్తయితే ఎవడైనా కింద పెడతాడు, అటూ ఇటూ కానివి వచ్చినప్పుడే తంటా. ముందే తప్పుకుంటే ఇరవై పాయింట్లతో పోతుంది, దిగి ఓడితే ఎనభై దాకా నెత్తిన పడతాయి. నడిగూడెంలో మా తాత ఇంట్లో, అలా తప్పుకునేటప్పుడు అందరిలా ‘నేను లేను’ అంటే ఆయన కళ్లెర్రజేసేవాడు. బతికున్న మనిషి లేననడమేమిటని ఆయన పట్టు. ఇల్లు దాటేటప్పుడు పోతానని ఎవరూ అనరు కదా, పోయొస్తాననే అంటారు, ఆటలోనూ అదే అనాలన్నాడు. అలా మా ఇంట్లో ముక్కలు కింద పెట్టడమంటే పోయొస్త అనడమే అయిపోయింది, లోకమంతా అలాగే అంటుందనుకుని పెరిగాను నేను.

అప్పట్లో హుజూర్‌నగర్‌లో ఒక రైసు మిల్లులో టెంపరరీ గుమస్తాను. పర్మినెంటు ఎప్పుడవుతుందో ఆ దేవుడికే తెలియాలి. మా మేనమామ మిర్యాలగూడలో ఒక సంబంధం చూశాడు, పిల్ల డిగ్రీ పాసయింది. నాలాంటి వాడికి ఆ ఇంటి పిల్లనిస్తారా అని నాకు లోపల ఒకటే గుబులు. ఆదివారం మధ్యాహ్నం వెళ్లాం. పిల్ల ఇంకా తయారవుతోందన్నారు, ఈలోగా పొద్దుపోవాలి కదా అని పిల్ల తండ్రి జంపఖానా పరిచి పేక తీశాడు. పైసలు పెట్టే ఆట కాదు, ఉత్త కాలక్షేపం. కాని ఆయన ఆటకంటే నన్నే ఎక్కువ చూస్తున్నాడని నాకు అర్థమైపోయింది.

నాకు పడ్డ ముక్కలు ఇప్పటికీ గుర్తే: ఆటీను ఏడూ ఎనిమిదీ, కళావరు పదీ జాకీ, రెండు తొమ్మిదులు, ఒక్క జోకరు, మిగిలినవన్నీ ఒకదానికొకటి సంబంధం లేనివి. ఆడొచ్చు, ఆడకపోనూవచ్చు. దిగితే దూకుడు మనిషి అనుకుంటారేమో, తప్పుకుంటే పిరికివాడు అనుకుంటారేమో అని కాసేపు గింజుకుని, నా స్వభావం నాది కదా, ముక్కలు బోర్లించి గట్టిగా ‘ఇగ నేను పోయొస్తనండీ’ అనేశాను.

పిల్ల తండ్రి నావైపు ఒకసారి అదోలా చూసి పేకలో తలదూర్చాడు గాని, వంటింట్లో పిల్ల తల్లి చెవిన పడింది ఆ మాట. పిల్లను చూడకుండానే పోతానంటున్నాడు, సంబంధం ఇష్టం లేదన్నమాట అనుకుని ఆవిడ మిర్చి బజ్జీల కోసం కాగుతున్న నూనెను పొయ్యి మీంచి దించేసిందట. ఎంతసేపటికీ లోపలినుంచి బజ్జీలు లేవు, చాయ్ కూడా రాలేదు. మా మేనమామ ముఖం మాడిపోయింది. నేను చేసిన తప్పేమిటో నాకు అంతుపట్టక, అయిపోయింది, మనకీ పిల్ల దక్కదు అనుకుని నిజంగానే చెప్పుల వైపు చూశాను.

అప్పుడు గడప దగ్గరికి ఆ పిల్లే వచ్చింది. సగం జడ వేసుకుని, సగం చేత్తో పట్టుకుని. నన్ను కాదు, వాళ్ల నాయనను అడిగింది: “నాయినా, పోయొస్త అన్నోళ్లు ఇంక గీడనే కూసున్నరేంది?”

నేను బిక్కచచ్చిపోయి, మా ఇంట్లో పత్తా కింద పెట్టేటప్పుడు గట్లనే అంటమండీ అని నసిగాను.  ముందు లోపలినుంచి వాళ్లమ్మ నవ్వు మొదలై, ఇల్లంతా నవ్వింది. ఆ పిల్ల మాత్రం చొరవగా రెండడుగులు వేసి నేను బోర్లించిన ముక్కలు తిప్పి చూసి, “జోకరు చేతుల వెట్టుకొని ఎవరన్న పోతరా?” అంది. కింద పెట్టిన ముక్కలు మళ్లీ తీయకూడదన్నది ఆట నియమం. అయినా వాళ్ల నాయన ఏమీ అనకుండా వాటిని నా చేతికిచ్చాడు. ఆ ఆట ఆడి చిత్తుగా ఓడిపోయాను, ఎనభై పడ్డాయి, బజ్జీలు మాత్రం కడుపునిండా తిన్నాను.

తర్వాత ఎన్నో ఏళ్లకు అడిగాను, టెంపరరీ గుమస్తాను ఏం చూసి ఒప్పుకున్నావని. నువ్వూ అటూ ఇటూ కాని పత్తావే, జర ధైర్యం జేసి దిగిన అంది మా ఆవిడ. ఆ మాటకు నాకు కోపం రాలేదు, ఇంతవరకూ ఎవరూ నా గురించి అంత సరిగ్గా చెప్పలేదు.

ఆ జంపఖానా మీద కూర్చున్న మామగారు, మేనమామ, అంతకు ముందు మా తాత, అందరూ ఒకరి తర్వాత ఒకరు ఆటలోంచి లేచిపోయారు. కోదాడలో మా ఇంట్లో ఇప్పుడు మధ్యాహ్నాలు మేమిద్దరమే ఆడుకుంటాం. నిన్న నాకు జోకరు లేదు, జత లేదు, పదమూడూ చెత్తే. అలవాటుగా నోటిదాకా వచ్చింది ఆ మాట. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుంటూ, వంకర వేళ్లతో ముక్కలు ఒద్దికగా పేర్చుకుంటోంది. నలుగురైదుగురు ఉన్నప్పుడు ఒకరు పోయొస్తానన్నా ఆట ఆగేది కాదు. ఇద్దరే ఉన్నప్పుడు ఒకరు ముక్కలు కింద పెడితే రెండోవాళ్లకు ఆటే ఉండదు.

ఏందీ, అంత ఆలోచన అంది ఆవిడ. ఏం లేదు, ఆడుతున్న అని ముక్క తీశాను.