మార్తమ్మ గారి బడిలో ప్రార్థనకు వెళ్లని పిల్లలు

నేను పదవీ విరమణ చేయడానికి రెండేళ్ల ముందు, నవంబరులో, గ్రేటర్ నోయిడాలోని ఒక క్రైస్తవ పాఠశాలను తనిఖీ చేసే పని విద్యా బోర్డు నాకు అప్పగించింది. ఇలాంటి తనిఖీకి ఇద్దరు ప్రిన్సిపాళ్లను వేస్తారు. సీనియర్ కన్వీనర్, రెండోవారు సభ్యులు. నేను సభ్యుణ్ణి. ఆ బడి ఎనిమిదో తరగతి వరకు ఉంది, తొమ్మిది, పది తరగతులకు అనుమతి అడుగుతోంది. మేం సిఫారసు చేయకపోతే ఎనిమిదో తరగతి పిల్లలు ఏప్రిల్‌లో వేరే బడి చూసుకోవాలి. వాళ్లకు అన్నిటికంటే దగ్గర బడి నాదే. ఆ పాఠశాలతో స్వప్రయోజనమేదీ లేదని సభ్యుడు ముందుగా రాసివ్వాలి. రాసిచ్చాను.

బడి పెట్టిన మార్తమ్మ గారిది బాపట్ల వైపు. ఏ మిషన్ అండా లేకుండా, ఒక అపార్ట్‌మెంట్ సొసైటీ కింది అంతస్తులో రెండు గదులు అద్దెకు తీసుకుని, పదకొండు మంది పిల్లలతో మొదలుపెట్టారు. నేను ప్రిన్సిపాల్‌గా చేరింది కూడా ఆ ఏడాదే. పదేళ్లలో ఆమె బడి మూడంతస్తులకు ఎదిగింది. నా బడిలో సెక్షన్లు తగ్గుతూ వచ్చాయి. చివరికి మా ఫిజిక్స్ టీచర్ లక్ష్మి కూడా అక్కడికే వెళ్లిపోయింది. బడిలో మతానికి చోటు లేదని జీవితమంతా వేదికలెక్కి వాదించినవాణ్ణి. “దేవుణ్ణి చూపించి పిల్లల్ని పోగేస్తోంది” అని స్టాఫ్ రూములో అనేవాణ్ణి. ఆ మాట వెనక సిద్ధాంతం కొంత, కడుపుమంట చాలా ఉన్నాయి.

నిర్బంధ ప్రార్థనను కళ్లారా పట్టుకోవాలని కన్వీనర్ కంటే అరగంట ముందే వెళ్లాను. హాల్లో పిల్లలు పాడుతున్నారు. పక్కన లైబ్రరీలో పాతిక మంది దాకా కూర్చుని చదువుకుంటున్నారు. అందులో ఒక అమ్మాయి చొక్కా మీది పేరు చూసి తెలుగు పిల్ల అనుకుని అడిగాను.

“ఇక్కడ కూర్చోబెట్టారేం? పనిష్‌మెంటా?”

“నహీ అంకుల్, మేరీ మర్జీ.” అంటే తన ఇష్టమట.

“ఎప్పుడూ వెళ్లవా?”

“సోమ్‌వార్ కో జాతీ హూఁ. ఉస్ దిన్ గానా అచ్ఛా హోతా హై.”

పాట బాగుంటుందని సోమవారం మాత్రం వెళ్తుంది! నాకు సంతోషం కలగాల్సింది. నీరసం వచ్చింది.

ఇంతలో మార్తమ్మ గారు ఎదురొచ్చారు. ఊరుకోలేక, “మీ దేవుడికి ఈ పిల్లలు అక్కర్లేదా అమ్మా?” అన్నాను.

“ఆయన దగ్గర అటెండెన్సు రిజిస్టరు లేదు మాస్టారూ. మీ సభకి రాకపోతే ఎండలో నిలబెడతారంటగా? మా లక్ష్మి చెప్పింది.”

‘మా లక్ష్మి’ అన్నారు. ఆ ‘మా’ దగ్గర నా ఒళ్లు మండింది. ఆమె చెప్పింది నిజమే. మా బడిలో రోజూ ఉదయం ప్రశ్నల సభ జరిగేది. మూఢనమ్మకాల మీద నేను మాట్లాడేవాణ్ణి, పిల్లలు ప్రశ్నలు అడగాలి. రానివాళ్లను మైదానంలో నిలబెట్టేవాళ్లం.

తనిఖీ మధ్యాహ్నం దాకా సాగింది. అగ్నిమాపక శాఖ పత్రం, తాగునీటి పరీక్ష నివేదిక, టీచర్ల అర్హతలు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ల్యాబులో సామాను తనిఖీ కోసం అరువు తెచ్చిందేమోనని అనుమానించాను. ఆ పని కొన్ని బళ్లు చేస్తాయి. పిల్లలు బర్నర్ వెలిగించిన తీరు చూస్తేనే అది వాళ్లకు రోజూ అలవాటైన పని అని తెలిసిపోయింది.

తనిఖీ నివేదిక అక్కడికక్కడే, చేత్తో రాయాలి. ‘ఇతర పరిశీలనలు’ అనే గడి నా వంతు. అందులో రాశాను: “ఉదయ ప్రార్థనకు రమ్మని విద్యార్థులను ఒత్తిడి చేస్తున్నారు.”

కన్వీనర్ మేడమ్ ఢిల్లీలో ఒక పెద్ద బడి ప్రిన్సిపాల్. కళ్లద్దాలు పైకి నెట్టి, “ఆప్‌నే దేఖా?” అన్నారు, మీరు చూశారా అని.

ఇలాంటి సంస్థల్లో జనరల్‌గా జరిగేదే అన్నాను.

“జనరల్లీ కా కాలమ్ కహాఁ హై, భాయ్‌సాబ్?” అని ఫారం నా వైపు తిప్పారు.

అటువంటి గడి లేదు. లైబ్రరీలో చూసింది చెప్పాను. నా బడి ఎంత దూరమో కూడా చెప్పాను. ఆమె గొంతు పెంచలేదు. రాసింది కొట్టేయమన్నారు. నివేదికలో కొట్టివేత ఒకే గీతతో, కింది అక్షరాలు కనబడేలా ఉండాలి. పక్కన ఇద్దరూ సంతకం చేయాలి. నా స్వప్రయోజనం సంగతి కింద నా చేతనే రాయించారు. అనుమతికి సిఫారసు చేశాం. బోర్డు నన్ను సంజాయిషీ అడిగింది, మళ్లీ ఏ కమిటీలోనూ వేయలేదు. అది న్యాయమే.

ఆ వారమే మా ప్రశ్నల సభను ఐచ్ఛికం చేశాను. మర్నాడు నాలుగు వందల మందిలో పదిహేడు మంది వచ్చారు. వాళ్లలో ముగ్గురు చలికి లోపలికి వచ్చామన్నారు.

నేను అప్పుడూ నాస్తికుణ్ణే, ఇప్పుడూ అంతే. మార్తమ్మ గారి ప్రార్థనలో నిజం ఉందని ఆ తనిఖీ నాకు నేర్పలేదు. నిండిన హాలు చూసి నా మాటకు బలముందని అన్నేళ్లు నమ్మడం ఒక మూఢనమ్మకమని నేర్పింది. ఆ పదిహేడు మందితో నేను మొదటిసారి, ఏం చెప్పాలో ముందే సిద్ధం చేసుకుని వెళ్లి మాట్లాడాను.