మామ చీటీ, నా పన్ను

నా నోట్లో కింద ఎడమ పక్కన ఒక సందు ఉంది. అక్కడ ఒకప్పుడు వక్కలు పటపటా కొరికే రాయిలాంటి పన్ను ఉండేది. దాన్ని నా అంతట నేనే, నిండు మర్యాదతో పీకించుకున్నాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఆవిడ ఇంకా నవ్వుతూనే ఉంది.

సాగర్ కాలువ నీళ్లు కొత్తగా వచ్చిన రోజులు. నాకు పెళ్లయి మూడు నెలలు. నేరేడుచర్లలో రైస్ మిల్లు నడిపే మా మామకు దవడ పన్ను నొప్పి మొదలైంది. మిల్లంతటినీ గడగడలాడించే ఆ మనిషి పటకారు పేరు చెబితే వణికేవాడు. ఆయనను మిర్యాలగూడ పండ్ల డాక్టరుకు చూపించే భారం కొత్త అల్లుడి మీద పడింది.

దవాఖానలో మామ చీటీ నా చేతిలో పెట్టి, "జర సోడా తాగొస్త. గీడనే ఉండు అల్లుడా" అని మాయమయ్యాడు. అంతలో పిలుపు వచ్చింది. ఆయన బయటికి వెళ్లాడని చెబుదామని లోపలికి పోతే, కాంపౌండరు భుజం పట్టి నన్ను కుర్చీలో కూలేశాడు.

డాక్టరుది గుంటూరు వైపు. "చీటీ మీదేనా?"

"మాదే సార్." మామదైతే మాది కాదా మరి?

"నొప్పి ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు దినాలసంది గంజే తాగుడు సార్."

"ఏ పన్ను?"

మామ పన్ను ఎక్కడిదో చెప్పడం కంటే చూపించడం తేలికని నోరు తెరిచి, నా పన్ను మీదే వేలు పెట్టాను.

డాక్టరు తొంగిచూసి అనుమానపడ్డాడు. "బాగానే ఉందే. నిజంగా ఇదేనా?"

చూశారా, పాపం ఆయన అడగవలసినవన్నీ అడిగాడు. "నాది కాదు సార్" అంటే సరిపోయేది. కానీ డాక్టరుకు ఎదురు చెప్పకూడదని మా ఇంట్లో నేర్పిన చదువు. "మీకు తెల్వదా సార్" అన్నాను వినయంగా.

సూది దిగింది. తోడొచ్చిన వాళ్లకు కూడా వేస్తారు కాబోలు అనుకున్నాను. పటకారు కనబడ్డాక బుద్ధి వచ్చింది గానీ, అప్పటికి నాలుక మొద్దుబారింది.

దవడలో దూది, గుప్పిట్లో పన్నుతో బయటికి వస్తే మామ ఎదురయ్యాడు. జరిగింది సైగలతో చెప్పాను. నా చేతిలోని నెత్తుటి రుమాలు చూసి, ఆయన మెల్లగా తన దవడ మీది చెయ్యి తీశాడు.

"నాకిప్పుడు నొప్పి లేదు అల్లుడా. ఖతం. పోదాం పా, బస్సు పోతది."

ఆ బస్సులోనే, గుప్పిట్లోని పన్ను మీద ఒట్టేసుకున్నాను. ఇకమీదట ఏ దవాఖానలోనైనా నా పేరు, మా నాన్న పేరు, రోగినా తోడునా అన్నది చెప్పందే కూర్చోను. సూది ఎవరికో, ఎందుకో అడగందే చెయ్యి చాపను.

వారం తిరక్కుండానే మామ పన్ను నొప్పి మళ్లీ లేచింది. ఈసారి ముందు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, పేరు చెప్పించి, సోడా తాగడానికి నేను పోయాను.