చిటికె మేస్త్రి పీకిన వైరు

షెడ్డులో అందరూ అతన్ని చిటికె మేస్త్రి అనేవారు. ఎంత మొరాయించిన కారునైనా చిటికెలో కదిలిస్తాడని పేరు. ఆ పేరంటే అతనికి మహా మోజు, నిదానంగా చేసే పనంటే చిరాకు. ఆ చిరాకే అతని అక్క కొంప ముంచింది.

మూడు నెలల కింద ఆమె తన టాక్సీ వేడెక్కిపోతోందని తెచ్చింది. బావ పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ బండి మీదే నెట్టుకొస్తోంది. చూస్తే వేడిని కనిపెట్టే సెన్సర్ పోయి, ఇంజన్ని చల్లబరిచే ఫ్యాన్ తిరగడం లేదు. కొత్తది షెడ్డులో లేదు. మెకానిక్కులకి తెలిసిన కిటుకొకటుంది: సెన్సర్ వైరు పీకేస్తే, వేడెంతో తెలియక బండిలోని కంప్యూటర్ ఎందుకైనా మంచిదని ఫ్యాన్ని ఆపకుండా తిప్పుతుంది. మేస్త్రి అదే చేశాడు. "రెండ్రోజుల్లో కొత్తది వేస్తాలే అక్కా," అన్నాడు, మరిచిపోయాడు. బండి బాగానే నడుస్తుంటే ఆమె మాత్రం మళ్లీ ఎందుకొస్తుంది?

ఇవాళ టాక్సీని తాడు కట్టి లాక్కొచ్చారు. గొట్టం చిట్లి రేడియేటర్ నీళ్లన్నీ కారిపోయాయి. ఇంజన్ పట్టేసింది. తక్కువలో తక్కువ మూడు వారాల పని.

"నీళ్లు చూసుకోలేదు, నాదే బుద్ధితక్కువ," అంది అక్క.

ఊరుకుంటే సరిపోయేది. కానీ మేస్త్రి ఊరుకోలేకపోయాడు.

"నీ తప్పు కాదక్కా. సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటుంది. వేడెక్కేకొద్దీ కరెంటుని ఎక్కువగా పోనిస్తుంది. దాన్నిబట్టే నీ ముందున్న, వేడి చూపించే ముల్లు పైకి లేస్తుంది. నేను వైరు పీకేసి వదిలేశాను. ఇంజన్ ఉడికిపోతున్నా నీకు చెప్పే దిక్కు లేకుండా చేశాను."



"ముల్లు ఎప్పుడూ కిందే ఉంటే, మా తమ్ముడు అంత బాగా చేశాడని బండెక్కిన వాళ్లందరికీ చెప్పుకున్నాన్రా," అంది అక్క.

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. లోపలికెళ్లి తన కారు తాళాలు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"నీది తయారయ్యేదాకా ఇది తోలుకో. దీనికన్నీ సరిగ్గానే ఉన్నాయి."

అక్క సీట్లో కూర్చోబోయి ఆగింది. ముందుకెళ్లి బానెట్ ఎత్తింది. నీళ్ల మట్టం చూసింది. సెన్సర్ ఎక్కడుంటుందో అడిగి, దాని వైరుని వేలితో లాగి చూసింది. ఆ తర్వాతే బండి తీసింది.

ఇన్నేళ్లలో మేస్త్రి మాట చెప్పాక బానెట్ ఎత్తి చూసుకున్నవాళ్లు లేరు. మొదట చూసుకున్నది తోడబుట్టిన అక్క.