ఇంజిన్ వెనక పసుపు గీతలు

అమెరికాలో మేముండే బెంటన్‌విల్‌లో పాత కార్లున్న వాళ్ళంతా శనివారం పొద్దున ఒక పార్కింగ్ లాట్‌లో చేరతారు. బానెట్లు ఎత్తి, మడత కుర్చీలు వరసగా వేసుకుని, కాఫీ తాగుతూ ఒకరి ఇంజిన్ ఒకరు మెచ్చుకుంటారు. మావారు అరవైల నాటి పెద్ద ఇంజిన్ మజిల్ కార్ ఒకటి కొన్నాక ఏడాది పాటు అక్కడ నిలబడే ఉన్నారు. రమ్మన్నవాళ్ళు లేరు, పొమ్మన్నవాళ్ళూ లేరు. ఆఫీసులో ఆయన పర్మనెంట్ కాదు, ఆయనది కాంట్రాక్టర్ బ్యాడ్జి, దాని రంగే వేరు. శనివారమైనా ఆ వరసలో తనకో కుర్చీ పడాలని ఆయన ఆశ. నలభై దాటిన మనిషికి అదేం ఆశో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక శనివారం పాత టైర్లమ్మే గడ్డం ముసలాయన మా కారు బానెట్ కింద తల దూర్చి, చాలాసేపు లేవలేదట. లేచి, ఇంజిన్ వెనకున్న రేకు గోడ చూపించి, "ఇదేం గుర్తు? నా జన్మలో చూడలేదు," అన్నాడట. పసుపు మైనంతో గీసిన అర్ధచంద్రం, పక్కన రెండు గీతలు, ఒక చుక్క.

ఆ కాలపు ఫ్యాక్టరీల్లో పనివాళ్ళు సుద్దతోనో, మైనపు పెన్సిల్‌తోనో, రంగు చుక్కలతోనో కారు మీద గుర్తులు పెట్టేవారట. కొన్ని ఎందుకు పెట్టారో తెలుసు, చాలావాటికి అర్థం చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. ఆ గుర్తులు చెరగని కారంటే వీళ్ళకి పిచ్చి. ఆ రోజు అందరూ మా బానెట్ చుట్టూ మూగారు. వారం తిరిగేసరికి వరసలో మావారికి కుర్చీ పడింది.

ఇక ఇంట్లో మనిషి లేడు. రాత్రింబవళ్ళు ఆన్‌లైన్‌లో పాత కార్ల ఫోరమ్‌లలో ఫోటోలు పెట్టడం, రాని జవాబుల కోసం చూడటం. అర్ధచంద్రమంటే నైట్ షిఫ్ట్ అని, రెండు గీతలంటే రెండోసారి పరీక్ష అని ఒక సిద్ధాంతం తయారుచేశారు. కారు కడగరు, బానెట్ కింద ఊదనివ్వరు కూడా. మా పిల్ల గోడ మీద క్రేయాన్‌తో పువ్వు గీసిందని ఇల్లెక్కి అరిచిన మనిషి ఈయనే.

ఆ వేసవిలో మా తెలుగు చర్చి పాస్టర్ గారు భోజనానికొచ్చారు. చేతులు కడుక్కుని గరాజ్‌లోకి తొంగిచూసి, "ఈ బండికి ప్రార్థన చేయించారా అమ్మా?" అని నన్నడిగారు.

"లేదండీ. ఇది బండని నేనింకా ఒప్పుకోలేదు," అన్నాను.

ఆయన నవ్వి, జేబులోంచి ఒలీవ నూనె సీసా తీశారు. మావారు భక్తిగా బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకున్నారు. అందరం మూసుకున్నాం. ప్రార్థన ఇంజిన్ నుంచి బ్రేకులకి, బ్రేకుల నుంచి మా గ్రీన్ కార్డుకి వెళ్ళింది. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి రేకు గోడ మీద నూనెతో చక్కని సిలువ ఉంది. చంద్రుడు లేడు, గీతలు లేవు. పాస్టర్ గారు పసుపంటిన బొటనవేలు రుమాలుకి తుడుచుకుంటున్నారు.

మావారు పాస్టర్ గారికి పులుసు వడ్డించారు, కారు దాకా సాగనంపారు. తర్వాత బాత్‌రూమ్‌లోకెళ్ళి ఏడ్చారు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

శనివారం వస్తోందంటే ఆయనకి జ్వరం వచ్చినంత పనయింది. "ఒక్కణ్ణే వెళ్ళలేను, నువ్వూ రా," అన్నారు. మా మామూలు కారులో ఆయన వెనకే వెళ్ళాను. ఆయన కుర్చీల ముందు చేతులు కట్టుకుని నిలబడి, నూనె సంగతి, ప్రార్థన సంగతి పూసగుచ్చినట్టు చెప్పి, "ఐ యామ్ సో సారీ," అన్నారు.

వరస చివర ఎవరో కిసుక్కుమన్నారు. గడ్డం ముసలాయన మోకాళ్ళు పట్టుకుని లేచాడు. చొక్కా జేబులోంచి టైర్ల మీద ధరలు రాసుకునే పసుపు మైనపు పెన్సిల్ తీశాడు. బానెట్ కిందికి వంగి, అర్ధచంద్రం, రెండు గీతలు, చుక్క గీశాడు. అంతా కలిపి చెయ్యి కడుక్కున్నంత సేపు పట్టలేదు.

"ఇదిగో నీ నైట్ షిఫ్ట్," అన్నాడు ఇంగ్లీషులో.

లాట్ మొత్తం పగలబడి నవ్వింది. ఇన్నాళ్ళూ మావారి చెవిలో పువ్వు పెట్టి, ప్రతి శనివారం ఆయన సిద్ధాంతం వింటూ తలలూపిన వాళ్ళు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ కాఫీలు వాళ్ళ మీదే పోద్దామనిపించింది.

"పదండి ఇంటికి," అన్నాను తెలుగులో.

మావారు కదల్లేదు. నల్లబడ్డ మొహం మీదికి మెల్లగా నవ్వు తెచ్చుకున్నారు. "గుడ్ వన్," అన్నారు. ముసలాయన ఆయన వీపు మీద చరిచి, కుర్చీ ముందుకి లాగాడు. ఆయన కూర్చున్నారు. నేను వెళ్ళి మా మామూలు కారులో కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంట్లో ఆ ఊసు లేదు. ఫోరమ్‌లు లేవు, సిద్ధాంతాలు లేవు. శనివారాలు మాత్రం మానలేదు. సిగ్గు లేదనుకున్నాను. ఆ మాట మొహానే అన్నాను కూడా.

మొన్న ఆదివారం చర్చికి కట్టుకుందామని ఉతికి డ్రయ్యర్‌లో వేసిన నా తెల్లచీర తీస్తే, దాని నిండా పసుపు మరకలు. నా చీర ఒక్కటే కాదు, పిల్ల గౌను, దుప్పట్లు, అన్నీ. వెతికితే మావారి చొక్కా జేబులో కరిగి అట్టకట్టిన మైనపు పెన్సిల్ దొరికింది. దాన్ని పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"ఇదేంటండీ?"

"ఓ, అదా. నిన్న లాట్‌కి కొత్తగా ఒకతను వచ్చాడులే," అన్నారు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"మనవాడా?"

"ఆ, తెలుగతనే. కాంట్రాక్టర్. ఇంకా ఎవరూ తెలీదట పాపం, నన్ను చూసి ప్రాణం లేచొచ్చినట్టు అన్నా, అన్నా అంటూ వెనకే తిరిగాడు. ఇంటికెళ్ళాక కూడా ఫోటోలు పంపుతూనే ఉన్నాడు."

ఒక ఫోటో పెద్దది చేసి నాకు చూపించారు. ఎవరిదో రేకు గోడ, దాని మీద పసుపు గీతలు. మావారు నవ్వారు. ఆ లాట్‌లో విన్న నవ్వే అది.