నేను చెయ్యి పెట్టని కుప్ప

ఈ ఉదయం కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చితే లోపల చల్లగా, తడిగా తగిలింది. తీసి వాసన చూశాను. తొలకరికి తడిసిన మట్టి వాసన. ఎరువు పండిందని తేల్చడానికి మా సంఘంలో వేరే పరీక్ష లేదు. పండని కుప్ప సెగకు చెయ్యి లోపల నిలవదు, ముక్కుకు ఘాటు తగులుతుంది. ఈ పరీక్ష నేర్పిన యాదమ్మ ఇప్పుడు లేదు. కుప్ప చల్లగా తగిలిన ప్రతిసారీ ఆమె గుర్తుకొస్తుంది, ఆ వెంటనే నాకు సిగ్గేస్తుంది.

మా తాతగారికి సికింద్రాబాద్‌లో రెండు బంగళాలు, ఒక బగ్గీ ఉండేవి. నా దాకా వచ్చేసరికి మిగిలింది ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ఎవరి ముందూ వంగని నడుము. నేను పనిచేసే దుకాణం మూతపడ్డాక, తెలిసినవాళ్లు చెబితే బోయిన్‌పల్లిలో ఆడవాళ్లు నడుపుకొనే ఎరువు సంఘానికి వెళ్లాను. మార్కెట్‌లో పారేసిన క్యాబేజీ ఆకులు, కుళ్లిన టమాటాలు ఏరి, బండి మీద తోసుకొచ్చి, ఎరువు చేసి మిద్దెతోటల వాళ్లకు అమ్ముతారు. అంతకుముందు అవన్నీ లారీలెక్కి ఊరి బయటి చెత్తకొండకు చేరి, అక్కడ కాలి పొగయ్యేవట. సంఘంలో యజమాని లేడు, జీతగాడు లేడు. ఏ పనైనా వంతుల మీదే. ఉత్తరాలు, దరఖాస్తులు రాసే పనైతే చేస్తానని చెప్పాను. యాభై దాటిన యాదమ్మ నా చొక్కాను ఒకసారి పైనుంచి కిందికి చూసింది.

“రాసుడు సుత ఒక వంతే, కుప్ప సుత ఒక వంతే. దొరబిడ్డవు గదా, జెర మెల్లగ నేర్చుకో.”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. అక్కడ అందరూ ఆమెను అక్కా అనేవారు. నాకు మాత్రం ఆ పిలుపు నోటికి వచ్చేది కాదు. యాదమ్మా అనే పిలిచేవాణ్ణి.

కుప్ప చూడటం నేర్పడానికి నన్ను తన జతలో వేసుకుంది. చూసినవాళ్లు “సల్లబడ్డది” అంటే చాలు, సంచులు నింపడం మొదలవుతుంది. ఆ మాట మీద మరొకరు మళ్లీ చెయ్యి పెట్టి చూడరు. అలా చూస్తే ఆ మనిషిని అనుమానించినట్టు. చెయ్యి పెట్టినవాళ్లు బట్టకు తుడుచుకొని, ఆ చేత్తోనే చాయ్ తాగుతారు. నీళ్ల డ్రమ్ము అడుగంటి ఉండే చోట అదే అలవాటైపోయింది.

ఒక రోజు మిగతావాళ్లంతా మార్కెట్‌కు వెళ్లారు. యాదమ్మ చాయ్ కోసం సందు చివరికి వెళ్లింది. కుప్ప నా వంతు. చొక్కా చేతులు మడుస్తుండగా గేటు ముందు కారు ఆగింది. దిగినాయన మా నాన్నగారి పాత స్నేహితుడు, పక్క కాలనీలోనే ఉంటారు. మాకు షెడ్డు స్థలం ఇచ్చిందీ, మా ఎరువు ఎక్కువగా కొనేదీ ఆ కాలనీవాళ్లే. నేను చొక్కా చేతులు దించి, గుండీలు పెట్టుకున్నాను. ఇక్కడ పనులు చూసుకుంటున్నానని చెప్పాను. అబద్ధం కాదు, అలాగని నిజమూ కాదు. ఆయన ఇంకా నిలబడి ఉండగానే యాదమ్మ చాయ్ తెచ్చింది. కుప్ప ఎట్లుందని అడిగింది. సల్లబడిందని, నింపించమని చెప్పాను, ఒక అధికారి చెప్పినట్టు. ఆమె నాకు గ్లాసు అందించి సంచులు తీసింది.

పది రోజులు తిరక్కుండానే కాలనీ పెద్దలు మాడిన వంగ మొక్కలు, మిరప మొక్కలు కుండీలతో సహా తెచ్చి షెడ్డు ముందు పెట్టారు. పండని ఎరువు వేడికి వేళ్లు ఉడికిపోయాయి. ఈ కుప్ప చూసిందెవరో చెప్పండి, లేదంటే స్థలం ఖాళీ చెయ్యండి అన్నారు. పన్నెండు మంది ఆడవాళ్ల బతుకు ఆ రేకుల కింద ఉంది. నాన్నగారి స్నేహితుడు వెనక నిలబడి ఉన్నారు. నేను కుండీల వైపే చూస్తూ నిలబడ్డాను.

“నేనే జూసిన,” అంది యాదమ్మ. “తప్పు నాదే. మీ కుండీలన్ని మల్ల మేమే నింపి ఇస్తం.”

ఆమెను ఏళ్లుగా ఎరిగినవాళ్లు కాబట్టి ఒప్పుకున్నారు. కానీ సంఘానికి తన కట్టుబాటు ఉంది. కుప్పను తప్పుగా చెప్పినవాళ్లు వానాకాలం వెళ్లేదాకా కుప్ప దగ్గరికి రాకూడదు, మార్కెట్‌లో ఏరడానికి పోవాలి. మోకాళ్ల నొప్పితో ఆమె రోజూ తెల్లవారకముందే వెళ్లి, బురదలో వంగి ఆకులు ఏరింది. నేను షెడ్డులో కూర్చొని ఉత్తరాలు రాశాను.

నెల గడిచాక ఒకరోజు ఆమెకు ఎదురెళ్లి బండికి చెయ్యి వేశాను. ఎత్తు ఎక్కుతుంటే చెప్పేశాను. “అక్కా, ఆ రోజు నేను కుప్పలో చెయ్యి పెట్టలేదు.” ఆమెను అక్కా అనడం అదే మొదలు.

ఆమె బండి ఆపలేదు. “నాకెరుకే. మాడిన మొక్కలు జూసినంక యాదికొచ్చింది. గా దినం చాయ్ గిలాస వట్టుకుంటే నీ చెయ్యి సాఫ్ ఉండె.”

మరి అప్పుడే నా పేరు ఎందుకు చెప్పలేదని అడిగాను.

“గాళ్ల ముందల నీ తల దించుడు నాకిష్టం లేకుండె. మనోళ్ల ముందల నువ్వే దించుకుంటవని సూస్తున్న.”

శనివారం అందరం కూర్చున్నప్పుడు చెబుతానని మాటిచ్చాను. ఆ శనివారం దరఖాస్తు చదివి వినిపించాను, ఇది చెప్పలేదు. తర్వాతి శనివారం కూడా దరఖాస్తే చదివాను. ఆమె ఎదురుగా కూర్చొని మోకాలు రుద్దుకుంటూ నా వైపు చూసింది. మూడో శనివారానికి ఆమె లేదు. మార్కెట్ నుంచి వచ్చి, ఛాతీలో నొప్పని పడుకొని, మళ్లీ లేవలేదు.

అప్పుడు చెప్పాను. ఎవరూ తిట్టలేదు. ఆమెతో ఇరవై ఏళ్లు బండి తోసిన సత్తెమ్మ మాత్రం ఒక్క మాట అడిగింది. “గామె ఉన్నప్పుడే జెప్తే నీదేం బోతుండె?” ఆమె వదిలి వెళ్లిన వానాకాలంలో మిగిలిన రోజులు నేను మార్కెట్‌లో ఏరాను.

ఇవాళ మళ్లీ కుప్ప నా వంతు. చెయ్యి బయటికి తీసి “సల్లబడ్డది” అన్నాను. మట్టి అంటిన చేతిని అందరికీ కనిపించేలా చాపి నిలబడ్డాను. ఎవరూ చూడలేదు, అప్పటికే సంచుల మూతులు విప్పుతున్నారు. సత్తెమ్మ చాయ్ ఇచ్చింది. ఆ చేత్తోనే గ్లాసు పట్టుకున్నాను.