ఓడకు సుళ్లు చూసిన మామ

మొదట ఆ కబురు ఉదయగిరిలో మా ఇంటికి మోసుకొచ్చింది గాజుల తాత. ఆత్మకూరు నుంచి గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరా తిరిగేవాడు. గాజులు తొడిగేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒక లోకవార్త చెప్పడం ఆయన అలవాటు. ఆ రోజు నా చేతిని పిసుకుతూ, "అమ్మే, ఇన్నావా? ఆత్మకూరు చావడిలో ఓడలు బేరం పెట్టే ఆయన దిగినాడు. పాతదొకటి, కొత్తదొకటి. ఏది కావాల్నంటే అది" అన్నాడు. ఆ వచ్చినాయన బేరం పెట్టింది ఓడలను కాదు, చెన్నపట్నం నుంచి కలకత్తాకు పోయే ఓడల్లో కూర్చునే చోటును. ఆ చిన్న తేడా తాత మరిచిపోయాడు. (పాపం, ఆయన ధ్యాసంతా నా మణికట్టు మీద ఉండింది. ఒక్క గాజూ చిట్లలేదు. అందుకు ఇప్పటికీ ఆయనకు దణ్ణం పెట్టుకుంటాను.)

ఆ రోజుల్లో మా వైపు వాళ్లకు ఓడంటే ఏమిటో ఎవరికి తెలుసు? దుర్గం కొండ ఎక్కి నాలుగు దిక్కులా చూసినా కనిపించేది రాళ్లూ, తుమ్మచెట్లూ, గొర్రెల మందల దుమ్మూ. మేము చూసిన పెద్ద నీళ్లు పెన్న. అదీ దేవుడు దయ తలిచిన ఏడాదే. అలాంటి మాకు ఓడతో పనేమిటంటే, నాయనను కన్న మా అవ్వ మొక్కు. ధాత ఏటి పెద్ద కరువులో నేనూ తమ్ముడూ గంజి పోసే చోట వరసలో నిలబడి బతికిన పిల్లలం. తమ్ముడు కళ్లు తేలేసిన రోజున అవ్వ వాణ్ణి ఒళ్లో పెట్టుకొని, "పిల్లోళ్లు దక్కితే కాశీకి పోయి గంగలో మునగతాను సామీ, అందాకా వక్కాకు ముట్టను" అని మొక్కేసింది. పిల్లలం దక్కాము. అవ్వ నోరు మాత్రం ఎండిపోయింది. ఆమెను ఎరిగిన వాళ్లకే తెలుస్తుంది అది ఎంత మొక్కో. అన్నం లేకపోయినా ఓర్చుకునే మనిషి, ఆకూ వక్కా లేకపోతే గోడతోనైనా పోట్లాడేది. వానలు పడి ఊళ్లు తేరుకున్నా, అంత దూరం నడిచిపోయే సత్తువ ఆమెకు లేదు. ఓడలో అయితే కూర్చునే పోవచ్చని తాత చెప్పాక, ఆ సాయంత్రమే మూట కట్టేసింది. తోడుగా నాయన, చదివి పెట్టడానికి నేను. (నాయన ఇసకలో దిద్దించిన నాలుగక్షరాలు నాకు వచ్చు. కాశీలో దారి పొడుగునా పలకలు చదివి చెబుతానని మురిసిపోయాను. అక్కడ పలకల మీద ఒక్కటీ మన అక్షరం కాదని అప్పుడు నాకు తెలియదు.)

అయితే మా ఇంట్లో ఏది కొనాలన్నా, ఏది ఎక్కాలన్నా, అమ్మ తమ్ముడు ఆత్మకూరు మామ సరే అనాల్సిందే. మామ ఎద్దుల పారఖీ. పళ్లు చూసి ఈడు చెప్పేవాడు, నడిపించి కాలు చెప్పేవాడు, ఒంటి మీద వెంట్రుకలు తిరిగిన సుళ్లు చూసి ఆ ఎద్దు యజమానికి కలిసొస్తుందో రాదో చెప్పేవాడు. మా అమ్మను నాయనకు ఇచ్చేముందు మామ ఆయన నోరు కూడా తెరిపించి పళ్లు చూశాడని ఇంట్లో ఒక వేళాకోళం ఉండేది. (నాయన దాన్ని కాదని ఎప్పుడూ అనలేదు.)

బండి కట్టుకొని ఆత్మకూరు పోయాము. చావడిలో నల్లకోటు తొడుక్కున్న చెన్నపట్నం ఆయన రెండు ఓడల బొమ్మలు గోడకు తగిలించుకొని కూర్చున్నాడు. కోటాయన మంచి మర్యాదస్థుడు. మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, "చోటుకే కదండీ రుసుము, ఓడ మీరు కొనక్కర్లేదు" అని ముందే తేటపరిచాడు. మామకు అది ఏమంత తేడాగా తోచలేదు.

"కొంటే ఏంది, బాడిగైతే ఏంది? ఎద్దును చూడకుండా బండెక్కతామా?" అని బొమ్మల ముందు గొంతుకూర్చున్నాడు. "పాతదాని ఈడెంత?"

"కట్టి చాలా ఏళ్లయిందండీ."

"పళ్లు కలిపిందా? అన్నీ మొలిచి ఈడు నిండిందా?"

కోటాయన కాసేపు ఆలోచించి, "పళ్లంటే యంత్రం చక్రాలకు ఉంటాయండీ" అన్నాడు.

"యాడుంటాయి?"

"లోపల, కడుపులో."

మామ మా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "కడుపులో పళ్లంట బావా" అన్నాడు. నాయన పెద్ద విషయం అర్థమైనట్టు తల పంకించాడు. మామ మళ్లీ అటు తిరిగాడు. "సరే, కొత్తది ఏం తింటాది?"

"బొగ్గు. రోజూ గుట్టలు గుట్టలు పోయాలి. అందుకే అంత వడి."

"అంత మేపి, రేపు కరువొస్తే ఎవురు సాకతారయ్యా దాన్ని? పాతదో?"

"దానికీ బొగ్గే. కానీ తెరచాపలు కూడా ఉన్నాయి. గాలి బాగా ఉంటే బొగ్గు తక్కువ పడుతుంది."

మామ ముఖం వికసించింది. "గాలి మేసి కూడా బతకతాది! అది జాతంటే. ఇంగ దారో? దారి తెలుసా దానికి?"

"ఎన్నో ఏళ్లుగా అదే దారండీ."

"ఇన్నావా అత్తమ్మా? తోలేవోడు నిద్రపోయినా ఇంటికి చేరస్తాది."

"తోలేవాడు నిద్రపోడండీ" అని కోటాయన కొంచెం నొచ్చుకున్నాడు.

ఇంతదాకా అంతా పాత ఓడ వైపే మొగ్గింది. అవ్వ మూట చంకన పెట్టుకొని లేచి నిలబడింది కూడా. అప్పుడు మామ ఆఖరి మాటగా, "అన్నీ బాగుండాయి గానీ, సుళ్లేమన్నా ఉండాయా?" అని అడిగాడు.

పాపం కోటాయన సముద్రం మనిషి. సుడి అంటే ఆయనకు తెలిసింది నీళ్లలో తిరిగే సుడే. అబద్ధం ఆడే మనిషి కూడా కాదు. "అక్కడక్కడ తప్పవండీ" అన్నాడు.

మామ చెయ్యి గడ్డం మీదే ఆగిపోయింది. "యాడ? ముఖానా, వీపునా?"

"ఎప్పుడైనా ముందు భాగానికే తగులుతుంది. గట్టి సుడైతే ఓడనే తిప్పేస్తుంది. తప్పించుకొని పోవడం పాతదానికి కాస్త కష్టమే, కొత్తదానికి ఆ భయం లేదు. కొత్తదానికి సుడి అన్న మాటే లేదనుకోండి."

మామ బొమ్మలను చూసిన చూపు నాకు ఇంకా గుర్తు. నొసట ఓడను తిప్పేసే సుడి ఉన్నది ఒకటి. అసలు సుడే లేనిది ఇంకొకటి. మా వైపు సుడి లేదంటే అదృష్టం లేదని కూడా అర్థం కదా! మామ పైగుడ్డ దులుపుకొని లేచాడు. "రెండూ వద్దు బావా. పదండి పోదాం."

నాయన కూడా లేచాడు. మామ వద్దన్న దాన్ని నాయన ఎన్నడూ కావాలనలేదు. అవ్వ మాత్రం లేచి ఉన్నదల్లా మళ్లీ కూలబడింది. "ఏందబ్బయా నీ పారఖీ? నేనేమన్నా దాన్ని అరకకు కట్టి దున్నిస్తానంటినా? వక్కాకు లేక నా నాలిక ఎండి చెక్కైపోతా ఉంటే, నువ్వు ఓడ కడుపులో పళ్లు లెక్కబెడతా ఉండావా?"

మామ నవ్వలేదు. తలవంచుకొని, "సుడి చూడకుండా తోలితి అత్తమ్మా ఆ పొద్దు" అన్నాడు. ఏ పొద్దో అందరికీ తెలుసు. కరువులో మేత లేక, మామ తన సొంత గిత్తలను మర్రిపాడు మీదుగా బద్వేలు దారిన కొండలకు పోయే మందతో తోలించాడు. మంద వాళ్లలో కొందరు తిరిగొచ్చారు. గిత్తలు రాలేదు. ఆ తరవాతే ఆయన పారఖీ మరీ ముదిరిందని అమ్మ అంటూ ఉండేది. నేను అంతదాకా చీర కొంగు నోట్లో కుక్కుకొని నవ్వు ఆపుకుంటూ ఉన్నాను. కొంగు తీసేశాను.

అవ్వ గొంతు మెత్తబడింది. "నువ్వూ రా అబ్బయా సముద్రం దాకా. నీ చేత్తో తట్టి చూడు. నీకు నచ్చలేదంటే ఆ ఒడ్డునుంచే వెనక్కి తిరగతాను. మొక్కు సంగతి సామికి నేను చెప్పుకుంటా."

ఆమె అంతమాట అంటుందని మామ అనుకోలేదు. చాలాసేపు పైగుడ్డ అంచు నలుపుతూ నిలబడి, చివరకు పాతదానికే ఒప్పుకున్నాడు. సుడి ఉన్నా దారి తెలిసింది కదా అని. ఆ సంతోషంలో రుసుము బేరానికి, సంతలో ధర వేళ్లతోనే చెప్పే అలవాటు కొద్దీ, పైగుడ్డ కింద కోటాయన చెయ్యి పట్టుకొని వేళ్లు నొక్కాడు. కోటాయన "అయ్యో, వదలండి" అని కేకపెట్టాడు. చావడి బయటి జనం మూగారు. ఆ గొడవ సర్దుకునేసరికి పొద్దు వాలింది.

బండ్లు మారుతూ, నెల్లూరు మీదుగా చెన్నపట్నం చేరాము. సముద్రాన్ని చూసి నేను చేతులు జోడించాను. మామ మాత్రం దాన్ని లెక్కచెయ్యకుండా ఓడలకోసం కళ్లు చికిలించాడు. దూరంగా నీళ్లలో రెండు నిలబడి ఉన్నాయి. ఒకటి కొత్తగా నల్లరంగు పూసుకొని నిగనిగలాడుతోంది. ఒకటి మసిగొట్టుకొని తుప్పు కారుతోంది. రెండింటికీ పొగగొట్టాలు, రెండింటికీ తెరచాప స్తంభాలు.

"ఏదయ్యా పాతది?" అని మామ, జనాన్ని ఒడ్డు నుంచి ఓడల దాకా చేరవేసే పడవవాణ్ణి అడిగాడు.

"రంగేసింది పాతదయ్యా."

"ఛ, మసిదే పాతది" అన్నాడు తెడ్డు దగ్గరవాడు. ఆ ఇద్దరూ అరవంలో పోట్లాటకు దిగారు. అదృష్టవశాత్తూ కోటాయన ఒడ్డునే కనిపించాడు. (మామను చూడగానే చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టేసుకున్నాడు.) మా చీటీలు చూసి, "ఇవి రెండింటికీ చెల్లుతాయండీ, ఏది ముందు కదిలితే అది ఎక్కేయండి" అన్నాడు.

ఆ మాట చావడిలోనే చెప్పి ఉంటే! నాయన జన్మలో మొదటిసారి మామకంటే ముందు మాట్లాడాడు: "ముందు కదిలేదాని దగ్గరికే పోనియ్యి." తాళ్లతో కుట్టిన ఆ పడవ అలల మీద ఎగిరి పడుతుంటే అవ్వ నన్ను పట్టుకుంది, నేను దేవుణ్ణి పట్టుకున్నాను. ఓడ పక్కకు చేరేసరికి నీళ్ల పొగమంచు లాంటి తుంపర, మసి, జనం కేకలు. రంగుదా మసిదా ఏమీ తెలియలేదు. మమ్మల్ని ఒక్కొక్కరినే పైకి లాగారు. పైనుంచి వంగి చూస్తే, మామ ఊగే పడవలో నిలబడి, ఓడ ఇనపపక్కను అరచేత్తో నిమురుతున్నాడు. ఎద్దు మూపురం నిమిరినట్టే. గట్టిగా రెండు తట్లు తట్టి, దానికి ముఖం ఆనించి ఏదో చెబుతున్నాడు. అలల చప్పుడులో నాకు వినపడింది ఇంతే: "...తీసకపోయినోళ్లను తిరిగి తీసకరా నాయనా."

పక్కన దొరలు నవ్వారు. నేనూ సిగ్గుపడి ముఖం తిప్పుకున్నాను.

దేవుడి దయవల్ల పోయాము, వచ్చాము. సముద్రంలో కక్కుకోవడం తప్ప ఏమీ చూడలేదు. కలకత్తాలో దిగి కాశీ చేరాక, గంగలో మునిగి లేచిన అవ్వ తడిబట్టలతోనే మెట్టుమీద కూర్చొని మొదటి వక్కాకు నోట్లో వేసుకొని కళ్లు మూసుకుంది. అంత తృప్తి మళ్లీ ఏ ముఖంలోనూ చూడలేదు నేను. తిరిగొచ్చేసరికి మామ బండి కట్టుకొని నెల్లూరులో కాచుకొని ఉన్నాడు. మా యోగక్షేమాలు కాదు, "అది బాగుండాదా?" అన్నాడు మొదట.

అవ్వ ఎర్రటి నోటితో నవ్వింది. "బాగుండాదబ్బయా. నువ్వు చెప్పినట్టే, దారి తెలిసిందే."

మేము ఎక్కింది పాతదో కొత్తదో ఈనాటికీ నాకు తెలియదు. ఇప్పుడు నెల్లూరికి రైలొచ్చింది. మనవలు చదువులకు పోతూ పెట్టెలో కూర్చొని కిటికీలోంచి చెయ్యి ఊపుతారు. ఇంజను కూత వేసేలోగా, ఎవరూ చూడటం లేదనుకొని, నేను ఆ పెట్టె పక్కను ఒక్కసారి నిమిరి, రెండు తట్లు తడతాను. "అవ్వా, చెయ్యి మసవుతాది!" అని పిల్లలు అరుస్తారు. ఆనాడు ఓడమీద ముఖం తిప్పుకున్న పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఎంత నవ్వేదో! మీరు నవ్వినా నాకేమీ నొప్పి లేదు. మీ వాళ్లను ఎప్పుడైనా బండో ఓడో ఎక్కించేటప్పుడు మాత్రం, మా ఆత్మకూరు మామను ఒక్కసారి తలుచుకోండి.